నెత్తిమీద సుత్తి

మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా నెత్తిమీద సుత్తితో కొట్టారా? జంధ్యాల గారి పుణ్యమా అని మనకి సుత్తి అనగానే వేరే అర్థం వచ్చేస్తుంది కానీ, నేనడిగేది ఆ సుత్తి కాదండీ. పిడీ తలా ఉన్న అసలు సుత్తి. పోయిన జూన్ 23 రాత్రి పోర్చుగల్‌లో పోర్టో అనే ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వందమంది నన్ను కొట్టారు. వంద దాటాక లెక్కపెట్టడం మానేశాను. ముసలాళ్ళు కొట్టారు, తండ్రుల భుజాలమీద కూర్చున్న పసివాళ్ళు కొట్టారు, సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఆగి, తల వంచి నమస్కారంలాంటిది పెట్టి మరీ కొట్టాడు. నేనూ ఊరుకోలేదు, అందినవాళ్ళందరికీ ఇచ్చుకున్నాను. ప్లాస్టిక్ సుత్తులే లెండి. తగిలితే ‘పీంక్’ అంటుంది, అంతే.

అదొక పండగ. సావ్ జువావ్ అంటారు. అంటే మన క్రైస్తవులు బాప్తిస్మమిచ్చు యోహాను అంటారే, ఆయన.

మా అమ్మాయి అక్కడ మాస్టర్స్ చేస్తోంది. మొదటి ఏడాది అయిపోవస్తుంటే మా వారు “నాకెలాగూ సెలవు దొరకదు, నువ్వెళ్ళి నెల్లాళ్ళు దానికి ఇంత వండిపెట్టి రా” అని టికెట్ తీసేశారు. ఆవకాయ, కందిపొడి, చింతపండు సర్దుకుని కాకినాడ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి లిస్బన్, లిస్బన్ నుంచి మూడు గంటలు రైలు. చిన్ని స్టేషన్‌కొచ్చింది. నా చేతిలో పెట్టె లాక్కుంది. “అలిసిపోయావా?” అంది. “లేదే” అన్నాను. అయిపోయింది.

మా ఇద్దరికీ గొడవలేం లేవండీ. రోజూ ఫోన్ చేసుకుంటాం. ఏం తిన్నావు, ఏం వండావు, బట్టలు ఆరాయా. కానీ పక్కపక్కన కూర్చున్నా మధ్యలో జానెడు చోటు మిగిలిపోతుంది. అదెందుకో తర్వాత చెప్తాను. చెప్పాలనే రాస్తున్నాను, చెప్పడానికే ఇంతసేపు పడుతోంది.

జూన్ రెండో వారం నుంచీ ఊరు మారిపోవడం మొదలైంది. వీధులకడ్డంగా రంగు కాగితాల తోరణాలు. కిరాణా కొట్టు ముందు, చెప్పుల కొట్టు ముందు, చివరికి మందుల షాపు ముందు కూడా బుట్టలనిండా సుత్తులు. మన వినాయకచవితికి పత్రి వచ్చినట్టు ఎక్కడ చూసినా చిన్న చిన్న మట్టికుండీల్లో గుండ్రంగా, బంతిలాగా కత్తిరించినట్టున్న పచ్చని మొక్కలు. ఒక్కో కుండీలో ఒక కాగితం పువ్వు, ఒక బుల్లి కాగితం జెండా గుచ్చి ఉన్నాయి. దగ్గరికెళ్ళేసరికి వాసన! అచ్చం మన తులసి. తులసి, మరువం కలిపి నలిపితే ఎలా ఉంటుందో అలా. ఇంట్లో తులసికోటకి నీళ్ళు పోసి ఇరవై రోజులైందేమో, నాకు ప్రాణం లేచొచ్చింది. గబుక్కున వంగి ముక్కు పెట్టబోయాను. ఆ పూలమ్మే ఆవిడ “నావ్! నావ్!” అంటూ లేచింది. నేను హడిలిపోయి వెనక్కి గెంతాను.

చిన్ని నవ్వుతూ చెప్పింది. ఆ మొక్క పేరు మంజెరికు. దానికి ముక్కు ఆనించి వాసన చూడకూడదట, వాడిపోతుందట. అరచెయ్యి దానిమీద మెల్లగా ఆడించి, ఆ చేతిని వాసన చూసుకోవాలట. పూలావిడ నా చెయ్యి పట్టుకుని, తనే ఆ మొక్కమీద నిమిరించి, నా చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. పసిపిల్లకి నేర్పినట్టు. తులసిని గోటితో గిల్లకూడదు, ఆదివారం కొయ్యకూడదు అంటూ మా అత్తగారు పెట్టే ఆంక్షలు గుర్తొచ్చాయి. మొక్కకీ మర్యాద ఉంటుందని అనుకునేవాళ్ళు ఇంత దూరంలో కూడా ఉన్నారన్నమాట.

మంజెరికు పేరు కూడా నాకు భలే నచ్చింది. తులసి పూల వెన్నుని మనం మంజరి అంటాం కదా! చెవికి మాత్రమే చుట్టరికం అనుకోండి, అయినా నాలాంటి తెలుగు బీఏ వాళ్ళకి ఆ మాత్రం చాలు. ఇక ఆ బుల్లి జెండా సంగతి వింటే మీరూ సంతోషిస్తారు. దానిమీద ఉన్నది పద్యం! నాలుగు పాదాలు, పొట్టి పొట్టి పాదాలు, చివర ప్రాస. ఒకప్పుడు అబ్బాయిలు తాము ఇష్టపడ్డ పిల్లకి ఈ కుండీ ఇచ్చేవారట, నోటితో చెప్పలేనిది ఆ జెండామీద ఉండేదట. ఇప్పుడు ఎవరు ఎవరికైనా ఇస్తారు. నేను కుండీ కుండీకీ ఆగి “ఇదేం రాశారే? మరి ఇదీ?” అని చిన్నిని చంపుకు తిన్నాను. ఒకదాంట్లో సావ్ జువావ్‌నే ఎగతాళి చేశారు. ఒకదాంట్లో పెళ్ళాం పోరు. ఒకదాంట్లో, నువ్విచ్చిన మొక్క బతికే ఉంది, నువ్వే రావడం మానేశావు అన్నట్టు ఉంది. మన చాటుపద్యాల ధోరణే. అది విని ఆ కుండీయే కొన్నాను.

సాయంత్రం దాన్ని చిన్ని గది కిటికీలో పెట్టి, ఆ జెండా వెనకాల ఖాళీ ఉంది కదా అని నేనొక ఆటవెలది రాయబోయాను. చిన్నికి ఇద్దామని. మూడు పాదాలు కుదిరాయి. నాలుగో పాదంలో యతి దగ్గర ఆగిపోయాను. నిజం చెప్పొద్దూ, ఆగింది యతి దగ్గర కాదు. అక్కడ నేను చెప్పాల్సిన మాటకి తెలుగులో మాట దొరకలేదు. ‘క్షమించు’ అనేది సినిమాల్లో అంటారు, నాటకాల్లో అంటారు. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. ‘సారీ’ అంటే కాలు తగిలినా అనేదే. తల్లి కూతురితో అనే మాట ఏదీ? మూడేళ్ళు ప్రబంధాలు బట్టీపట్టినదాన్ని, నాకా ఒక్క మాట తెలియలేదు. కాగితం మడిచి పర్సులో పెట్టేసుకున్నాను.

పండగ గురించి చిన్ని చెప్పిందీ, నేను అడిగి తెలుసుకుందీ కొంచెం చెప్తాను. జూన్‌లో పోర్చుగల్ వాళ్ళకి ముగ్గురు సెయింట్ల పండగలు వరసగా వస్తాయి. 13న ఆంటోనీ, ఆయన లిస్బన్ వాళ్ళకి ముద్దు. 24న యోహాను, ఆయన పోర్టో సొత్తు. 29న పీటర్. యోహాను పుట్టినరోజు పగళ్ళు బాగా పొడుగ్గా ఉండే రోజుల్లో పడుతుంది. అందుకే క్రైస్తవం రాకముందు నుంచీ ఉన్న మంటలూ మొక్కలూ నీళ్ళూ అన్నీ వచ్చి ఈ పండగలో కలిశాయి అంటారు. మంటలు వేసి పైనుంచి దూకుతారు. మన భోగిమంటలే, కాకపోతే చలికాలానికి బదులు ఎండాకాలంలో. 1911లో, రాజరికం పోయి కొత్తగా ప్రజాప్రభుత్వం వచ్చినప్పుడు, ఊరికి సొంత సెలవురోజు ఏది ఉండాలని అక్కడి పత్రిక ఒకటి పాఠకుల చేత ఓట్లు వేయించిందట. సావ్ జువావ్ గెలిచాడు. ఇప్పటికీ 24న ఆ ఊరికి సెలవు.

యోహాను పుట్టుక కథ నాకు తెలుసు. మా వీధి చివర చర్చి ఉండేది, చిన్నప్పుడు క్రిస్మస్ నాటకాలకి వెళ్ళేదాన్ని. జెకర్యా, ఎలీసబెతు ముసలితనం వచ్చేదాకా పిల్లలు లేని దంపతులు. నీకు కొడుకు పుడతాడని దేవదూత చెప్తే నమ్మనందుకు జెకర్యాకి మాట పడిపోతుంది. బిడ్డ పుట్టి, వాడి పేరు యోహాను అని పలకమీద రాసేదాకా ఆయన నోరు పెగలదు. ఈ కథ ఆ రాత్రి నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

అన్నట్టు ఇంకొకటి. మనకి బొమ్మల కొలువు ఎలాగో వాళ్ళకి ఈ పండక్కి ‘కష్కాత’ అలాగ. మాటకి అర్థం జలపాతం అట. మెట్లు మెట్లుగా కట్టి, నాచు పరిచి, నీళ్ళు పారించి, మధ్యలో యోహాను క్రీస్తుకి బాప్తిస్మం ఇస్తున్న బొమ్మ. చుట్టూ గొర్రెలు, తిరగలి, బట్టలుతికే ఆడవాళ్ళు, బ్యాండుమేళం వాళ్ళు, రొట్టెలమ్మే వాళ్ళు. దేవుడి కథ మధ్యలో ఊరంతా దూరిపోతుంది. మా అమ్మ కొలువులో రాములవారి పక్కన రైలింజను, పోలీసు, కొండపల్లి ఏనుగు ఉన్నట్టే. ఒకప్పుడు పిల్లలు ఇళ్ళముందు చిన్న చిన్న కష్కాతలు పెట్టి, వచ్చేపోయేవాళ్ళని “సావ్ జువావ్‌కి ఒక్క నాణెం” అని అడిగేవారట.

23 సాయంత్రం. సాయంత్రం అంటున్నాను కానీ రాత్రి తొమ్మిదైనా అక్కడ వెలుతురే. చిన్ని ఉండేది నదికి పైన, ఫొంతైన్యాష్ అనే పేట దగ్గర. పండగకి పాతకాలం నుంచీ పేరున్న పేట అది. మెట్లకి అటూ ఇటూ పాత ఇళ్ళు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కింది వాటాలో ఒక మామ్మగారుంటారు. ఎనభై దాటి ఉంటాయి. ఆవిడా కొడుకూ ఇంటిముందు వీధిలోనే బొగ్గుల కుంపటి పెట్టి చేపలు కాల్చడం మొదలుపెట్టారు. ఒక్క ఆవిడే కాదు, వీధంతా అదే. పొగ, చేపల వాసన, పాటలు. ఏ చేపలో అనుకున్నాను, చూస్తే మన కవళ్ళే! కాకినాడలో మేం పులుసు పెట్టుకునే కవళ్ళకి అన్నగార్లలా ఉన్నాయి. రాళ్ళుప్పు తప్ప ఏమీ వెయ్యలేదు, కారం లేదు, పసుపు లేదు. కాల్చిన చేపని మొక్కజొన్న పిండి రొట్టె ముక్కమీద పెట్టి చేతికిచ్చారు. చేప నూనె రొట్టెలోకి దిగుతుంది, చివర ఆ రొట్టె తినాలి. అసలు రుచి అక్కడుంది. పక్కన కాల్చిన పెద్ద మిరపకాయలు, కారం లేనివి. బంగాళాదుంప సూపు కూడా పెట్టారు, అందులో ఒక రకం క్యాబేజీ ఆకుని జుట్టంత సన్నగా తరిగి వేస్తారు. మామ్మగారు ఆకుల్ని చుట్టగా చుట్టి ఆ వయసులో అలా తరుగుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. అందులో వేసిన పంది మాంసం ముక్క మాత్రం మెల్లగా చిన్ని గిన్నెలోకి జరిపేశాను. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు.

లేవబోతుంటే మామ్మగారు లోపలికెళ్ళి ఒక పొడుగాటి కాడ తెచ్చి నా చేతిలో పెట్టారు. నడుం ఎత్తు కాడ, కొసన ఊదారంగు పూలబంతి. ఉల్లిపువ్వులా ఉంది, వాసన మాత్రం వెల్లుల్లి. చిన్ని చెప్పింది, సుత్తులు రాకముందు పండగంతా ఈ పువ్వుదేనట. దారిన పోయేవాళ్ళ మొహాలకి దీన్ని రాస్తూ పోయేవారట. అదృష్టం అని, చెడు పోతుందని. కొంతమంది దీన్ని ఇంట్లోనే దాచుకుంటారు. గుమ్మానికి దిష్టి కట్టే జాతివాళ్ళం మనం, నాకు వేరే చెప్పాలా? చంకలో పెట్టుకున్నాను.

సుత్తులొచ్చింది 1963లో. మాన్యుయెల్ ఆంటోనియో బోవవెంతూరా అని పోర్టోలో ప్లాస్టిక్ సామాన్లు చేసే ఆయన పిల్లల బొమ్మగా దీన్ని తయారుచేశాడు. ఆ ఏడాది కాలేజీ కుర్రాళ్ళు తమ ఉత్సవానికి ఏదైనా చప్పుడు చేసే వస్తువు కావాలంటే ఇవి ఇచ్చాడట. కుర్రాళ్ళ చేతికొచ్చిన సుత్తి ఊరుకుంటుందా! అక్కణ్ణుంచి సావ్ జువావ్‌లోకి వచ్చేసింది. తర్వాత కొన్నేళ్ళకి, ఇది మన సంప్రదాయం కాదు అని అధికారులు నిషేధిస్తే ఆయన పై కోర్టు దాకా వెళ్ళి గెలిచాడట. ఇప్పుడు సుత్తి లేని సావ్ జువావ్‌ని ఎవరూ ఊహించలేరు. మన పండగల్లో అనాదిగా వస్తున్నాయని మనం పోట్లాడే వాటిలో ఎన్నిటి వయసు అరవై ఏళ్ళో అనిపించింది.

చిన్ని రెండు సుత్తులు కొంది. పచ్చది తనకి, ఎర్రది నాకు. మెట్లు దిగి నది ఒడ్డుకి, రిబైరాకి బయల్దేరాం. మొదటి దెబ్బ మెట్లమీదే పడింది. వెనకనుంచి, పీంక్. నేను రెండు చేతులూ తలమీద పెట్టుకుని కూర్చుండిపోయాను. కొట్టిన కుర్రాడు భయపడిపోయి “దెష్కుల్ప, దెష్కుల్ప” అంటూ వంగి చూశాడు. ఆ మాటకి అర్థం చిన్నిని అడగక్కర్లేకపోయింది. వాడి మొహం చూస్తే తెలుస్తోంది. ఎంత తేలిగ్గా అనేశాడు!

లేచాక నవ్వొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషిని, పమిట దోపుకుని, సుత్తి పట్టుకుని, జనాన్ని కొట్టుకుంటూ నడిచాను. కొడితే ఎవరూ కోపగించుకోరు. ఆగుతారు, నవ్వుతారు, తిరిగి కొడతారు. కొందరు ముసలివాళ్ళు కొట్టించుకోడానికి టోపీ తీసి తల వంచుతారు! ఈ దేశంలో 2007 నుంచి కన్నవాళ్ళయినా సరే పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని చట్టం ఉందని వచ్చిన కొత్తలో చిన్ని చెప్పింది. ఎందుకు చెప్పిందో, మామూలుగానే చెప్పిందో. నేను గిన్నెలు కడుగుతూ “ఊఁ” అన్నాను.

జనం ఎలా ఉన్నారంటే, పుష్కరాల రేవు అనుకోండి. నదికి ఇటు పోర్టో, అటు గాయా, రెండు ఒడ్డులూ మనుషులే. మధ్యలో 1886లో కట్టిన దోమ్ లూయీష్ ఇనప వంతెన, ఒకదానిమీద ఒకటి రెండు అంతస్తులుగా. అర్ధరాత్రి ఆ వంతెన దగ్గర బాణాసంచా మొదలైంది. దానికి ముందునుంచే కాగితం బుడగల్లో దీపాలు వెలిగించి వదులుతున్నారు. కార్తీకమాసంలో ఆకాశదీపం స్తంభానికి కట్టి ఉంటుంది కదా, దాని తాడు ఎవరో తెంపేసినట్టు ఒక్కోటీ పైకి పోతోంది. ఆకాశంలో నిప్పులు, నీళ్ళలో నిప్పులు. చిన్ని పక్కనే నిలబడి చూస్తోంది. చేతిలో సుత్తి ఉంది. నా చేతిలోనూ ఉంది.

అప్పుడు గమనించాను. నాలుగు గంటలుగా ఇద్దరం కనబడినవాళ్ళందరినీ కొట్టాం. ఒకళ్ళనొకళ్ళం మాత్రం కొట్టుకోలేదు.

ఇక చెప్పేస్తాను. చిన్ని ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా తోటికోడలుగారింట్లో గృహప్రవేశం. చుట్టాలంతా ఉన్నారు. భోజనాల తర్వాత ఎవరో “ఏమ్మా, ఎంసెట్‌లో ర్యాంకు కొట్టేస్తావా?” అని అడిగితే, “నేను ఎంసెట్ రాయట్లేదు, కోచింగ్ మానేశాను” అంది. నాకు చెప్పకుండా మానేసింది. నలుగురిలో వినాల్సి వచ్చింది. లేచాను, ఫెడీమని నెత్తిమీద ఒక్కటిచ్చాను. జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు విరిగి గుచ్చుకుంది. రక్తం పెద్దగా రాలేదు, పసుపు అద్దితే ఆగిపోయింది. చిన్ని ఏడవలేదు. ఆ తర్వాత ఎంసెట్ రాసింది, ఇంజినీరింగ్ చదివింది, ఇదిగో ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చింది. ఎవరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ రోజు తర్వాత అది నా ముందు తలంటుకి కూర్చోలేదు. ఆదివారం ఆదివారం నూనె గిన్నె పట్టుకుని పిలిచేదాన్ని, “నేనే రాసుకుంటాలే అమ్మా” అనేది. జడ వేస్తానంటే జుట్టు కత్తిరించేసుకుంది. ఎప్పుడైనా పైఅరలోంచి డబ్బా తీద్దామని దాని తలమీదుగా చెయ్యి చాపితే, ఇంత, ఒక్క రవ్వంత, పక్కకి తప్పుకునేది. అదీ ఆ జానెడు చోటు.

కొట్టని తల్లి ఉంటుందా అంటారు. నాకూ చాలామంది అన్నారు. నేనూ అనుకున్నాను, ఏళ్ళ తరబడి. మా అమ్మ నన్ను కొట్టలేదా అని. కొట్టింది, నిజమే. ఎన్నిసార్లు, దేనికి, అన్నీ నాకు గుర్తున్నాయని మాత్రం ఎవరితోనూ అనలేదు.

బాణాసంచా అయ్యాక ఇంటికెళ్ళకూడదట. నది పక్కనే నడుచుకుంటూ సముద్రం దాకా, ఫోజ్ దాకా వెళ్ళి తెల్లవారేదాకా ఇసకలో కూర్చోవాలట. కుర్రకారంతా అటే పోతోంది. “నడవగలవా అమ్మా?” అంది. గట్టిగా ఐదారు కిలోమీటర్లు. మధ్యలో పేటల్లో ఎక్కడికక్కడ డాన్సులు, మంటలు. మోకాళ్ళు మొరాయించాయి, ఆగి ఆగి వెళ్ళాం. ఫోజ్ చేరేసరికి చలి. జూన్‌లో చలేమిటో! ఇసకలో మంట వేసుకున్న ఒక గుంపు పక్కన కూర్చున్నాం. కాకినాడ పిల్లని కదా, నేను సముద్రం కేసి చూస్తూ సూర్యుడి కోసం ఎదురుచూస్తున్నాను. కాసేపటికి చిన్ని “అటు కాదమ్మా, ఇక్కడ మన వీపు వెనకనుంచి వస్తాడు” అంది. అవును కదా, అక్కడ సముద్రం పడమర.

వెనక్కి తిరిగి కూర్చోలేదు. అలాగే సముద్రం వైపు చూస్తూ, “ఆ నీలం క్లిప్పు...” అన్నాను. ఇంకేం వస్తుందో నాకే తెలియదు, ఆ రెండు మాటలే వచ్చాయి.

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “నీలం కాదు. ఆకుపచ్చ” అంది.

“బాగా నొప్పెట్టిందా?”

“నొప్పేం గుర్తులేదమ్మా. పెద్దమ్మ నవ్వింది. ‘బాగా అయ్యింది’ అని నవ్వింది.” ఆగింది. “నువ్వూ నవ్వావు.”

నవ్వాను. నిజంగానే నవ్వాను. అందరూ చూస్తున్నారని, ఇదేం పెద్ద విషయం కాదన్నట్టు, కూతురి నెత్తిన కొట్టి తోటికోడలితో కలిసి నవ్వాను. ఆరేళ్ళుగా నేను ఆ దెబ్బ గురించీ ఆ క్లిప్పు గురించీ కుమిలిపోతున్నాను, నవ్విన సంగతి పూర్తిగా మరిచిపోయాను. అది మాత్రం ఆరేళ్ళుగా ఆ నవ్వునే మోస్తోంది.

పర్సులో కాగితం ఉంది. మూడు పాదాలు. తియ్యలేదు. “నవ్వకుండా ఉండాల్సింది” అన్నాను. “కొట్టకుండా ఉండాల్సింది, నవ్వకుండా కూడా ఉండాల్సింది.” యతీ లేదు, ప్రాసా లేదు. ఇంకేమీ రాలేదు.

చిన్ని జవాబు చెప్పలేదు. చాలాసేపటికి పచ్చ సుత్తి ఎత్తి నా నెత్తిమీద మెల్లగా కొట్టింది. పీంక్. పక్క గుంపులోవాళ్ళు చూసి చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ నా ఎర్ర సుత్తి ఎత్తాను. ఎత్తగానే దాని కళ్ళు మూసుకుపోయాయి. భుజాలు దగ్గరికి వచ్చాయి. బొమ్మ సుత్తి అని దానికీ తెలుసు. ఒంటికి తెలియలేదు.

సుత్తి కింద పెట్టేశాను. రాత్రంతా చంకలో పెట్టుకుని తిరిగిన వెల్లుల్లి పువ్వు పక్కనే ఉంది, సగం నలిగిపోయింది. దాన్ని తీసి, నుదుటి దగ్గర మొదలుపెట్టి, ముక్కుమీదుగా, బుగ్గమీదుగా మెల్లగా రాశాను. మామ్మగారి పండగ పద్ధతిలో. చిన్ని కళ్ళు తెరవకుండానే “ఛీ, కంపు” అంది. వరసగా మూడుసార్లు తుమ్మింది. మూడోసారి తుమ్మాక నవ్వింది. తల మాత్రం వెనక్కి తీసుకోలేదు.

24 మధ్యాహ్నం దాకా నిద్రపోయాం. సెలవే కదా. సాయంత్రం నదిమీద పాతకాలపు వైన్ పీపాల పడవలకి తెరచాపలు కట్టి పందెం పెడతారట, చూడలేకపోయాం. మామ్మగారి ఇంటిముందు వీధి కడిగేశారు, కవళ్ళ వాసన మాత్రం ఇంకో రెండు రోజులుంది. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్ళూ ఏమన్నా మారిపోయిందా అంటే, పెద్దగా ఏం లేదండీ. అది లైబ్రరీకి పోయేది, నేను వండేదాన్ని. ఇండియా షాపులో కొబ్బరినూనె సీసా ఒకటి కొని బల్లమీద పెట్టి వచ్చాను. తియ్యమనీ అనలేదు, రాయమనీ అనలేదు. వారం క్రితం మంజెరికు ఫొటో పంపింది. ఎండాకాలం అయిపోయింది కదా, సగం ఆకు రాలిపోయి పుల్లలు కనిపిస్తున్నాయి. “రోజూ నీళ్ళు పోస్తున్నాను, ముక్కు కూడా పెట్టలేదు, అయినా ఇలా అయిపోతోంది, ఏం చెయ్యను?” అని కింద రాసింది. వెన్నులు గిల్లేసి, గింజలు కాగితంలో కట్టి దాచమన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో నా సంచీ తనిఖీ చేసిన ఆవిడ సుత్తి బయటికి తీసి చూసి, గంభీరంగా తన నెత్తిమీద తనే ఒకసారి కొట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది. ఇంటికి రాగానే మా వారికి ఒక పీంక్ వడ్డించాను. ఆయన ఎంత బిత్తరపోయారో! మా తోటికోడలుగారికి కూడా ఒక సుత్తి తెచ్చాను. బీరువాలోనే ఉంది. ఇంకా ఇవ్వలేదు.